ఓటీపీ అంటే మీ సంతకం: క్రెడిట్ కార్డు మోసాల లోపలి లెక్క

ఖాళీ ప్రోనోటు మీద రెవెన్యూ స్టాంపు అంటించి, సంతకం చేసి, ముక్కూమొహం తెలియనివాడి చేతిలో పెట్టమంటే మన ఊళ్లలో చదువురాని ముసలమ్మ కూడా పెట్టదు. తర్వాత వాడు అందులో ఎంత రాసుకుంటే అంతా తన నెత్తినే పడుతుందని ఆమెకు తెలుసు. అదే ముసలమ్మ మనవడు, ఇంజనీరింగ్ చదివినవాడు, ఫోనుకు వచ్చిన ఆరు అంకెలను అదే ఫోనులో ఎవరికో చదివి వినిపిస్తున్నాడు. అతనికేం తెలివి తక్కువ లేదు. ఆ ఆరు అంకెల బరువెంతో అతనికి ఎవరూ సరిగ్గా చెప్పలేదు, అంతే. ఓటీపీ రహస్యమనీ, ఎవరికీ చెప్పొద్దనీ బ్యాంకులు ఏళ్ల తరబడి ప్రచారం చేశాయి. అది సంతకమని, ఒకసారి పడ్డాక లావాదేవీ మీరే చేసినట్టు లెక్కలోకి వెళ్తుందని మాత్రం గట్టిగా చెప్పలేదు.

అందుకే "జాగ్రత్తగా ఉండండి" అనే ప్రచారం మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. మనిషి ఏడాది పొడుగునా అప్రమత్తంగా ఉండలేడు. జ్వరం వస్తుంది, పిల్లల ఫీజు గడువు ఉంటుంది, బస్సులో నిలబడి ఉండగా ఫోను మోగుతుంది. మోసగాడికి కావలసింది ఆ ఒక్క ఐదు నిమిషాలే. ఆ ఐదు నిమిషాల్లో మీరు తప్పు చేసినా ఆ సంతకం ₹5,000కు మించి చెల్లకుండా ముందే కట్టు వేసి ఉంచడం అసలు రక్షణ. ఆ కట్టు వేసే మీటలు 2020 నుంచి మన చేతిలోనే ఉన్నాయి. వాటిని వాడేవాళ్లు చాలా తక్కువ.

కార్డు మోసం ఇప్పుడున్న రూపానికి ఎలా వచ్చిందో ముందు చూద్దాం. మన దేశంలో రిజర్వు బ్యాంకు ఒక్కో తలుపూ మూసుకుంటూ వచ్చింది. 2009 ఆగస్టు 1 నుంచి ఆన్‌లైన్‌లో కార్డు వాడాలంటే పాస్‌వర్డో ఓటీపీనో, ఏదో ఒక రెండో ధ్రువీకరణ తప్పనిసరి అయింది. అంతకుముందు కార్డు మీద అచ్చయిన అంకెలు తెలిస్తే చాలు. 2013 డిసెంబరు 1 నుంచి దుకాణంలో డెబిట్ కార్డు గీకినా పిన్ కొట్టాల్సి వచ్చింది. 2018 డిసెంబరు 31 లోపు ఒట్టి నల్లగీత కార్డులన్నీ చిప్ కార్డులుగా మారాలన్నారు. ఆ గీతలో ఉండే సమాచారం ఎప్పుడూ ఒకటే. ఏటీఎం నోటికి తగిలించిన చిన్న పరికరంతో దాన్ని చదివి, ఖాళీ కార్డు మీద ఎక్కించి, పిన్ను పైనున్న కెమెరాతో పట్టుకుంటే నకలు కార్డు తయారు. చిప్ అలా కాదు. ప్రతి లావాదేవీకీ లోపలున్న రహస్య తాళంచెవితో కొత్త కోడ్ లెక్కకట్టి పంపుతుంది. ఆ తాళంచెవి చిప్ దాటి బయటికి రాదు. నిన్నటి కోడ్ ఈరోజు చెల్లదు.

2022 అక్టోబరు 1 నుంచి ఇంకో తలుపు మూసుకుంది. షాపింగ్ సైట్లు మీ కార్డు నంబరును తమ దగ్గర దాచుకోకూడదు, దాని బదులు టోకెన్ అనే మారు నంబరు మాత్రమే ఉంచుకోవాలి. ఆ టోకెన్ ఆ సైటులో తప్ప ఇంకెక్కడా పనికిరాదు. కాబట్టి ఒక సైటు నుంచి లక్షల కార్డు నంబర్లు ఒకేసారి కొట్టేయడం మన దగ్గర బాగా కష్టమైంది.

ఇన్ని తలుపులు మూసుకున్నాక మిగిలిన దారి మనిషే. ఇప్పటి మోసాల్లో యంత్రం చేసే పని కొద్ది, మాటలు చేసే పని ఎక్కువ.

ఫోను చేసేవాడి దగ్గర ఏముంటుందో తెలిస్తే వాడి మీద సగం భయం పోతుంది. మీ పేరు, ఫోను నంబరు, ఏ బ్యాంకు కార్డో, ఒక్కోసారి లిమిట్ ఎంతో కూడా వాడికి తెలిసి ఉంటుంది. మాల్ గుమ్మంలో స్టాల్ వేసి కార్డులు అమ్మేవాళ్లు నింపిన ఫారాలు, లోన్ యాప్‌లు లాగిన వివరాలు చేతులు మారుతూనే ఉంటాయి. "మీ కార్డు ఈ అంకెలతో మొదలవుతుంది కదండీ" అని వాడు మొదటి ఆరు అంకెలో ఎనిమిది అంకెలో చదివితే చాలామంది నమ్మేస్తారు. నిజానికి ఆ అంకెలను బిన్ అంటారు. కార్డు ఏ బ్యాంకుది, ఏ రకానిది అని చెప్పే అంకెలవి. అదే బ్యాంకు, అదే రకం కార్డు ఉన్న వేలమందికి అవి ఒకటే. అందులో రహస్యం ఏమీ లేదు. వాటిని చదివి "మిగతావి మీరు కన్ఫర్మ్ చేయండి" అంటాడు. వాడికి కావలసింది ఆ మిగతావే.

ఇక్కడే ఇంకో సంగతి. పదహారంకెల కార్డు నంబరులో చివరి అంకె లెక్కతో వచ్చేది. మొదటి పదిహేను అంకెలనూ ఒక పద్ధతిలో కూడితే చివరిది తేలుతుంది. బిన్ తెలుసు, చివరిది లెక్కకట్టవచ్చు కాబట్టి ఊహించాల్సినవి మధ్యలో ఏడు నుంచి తొమ్మిది అంకెలే. గడువు తేదీ మహా అయితే ఓ అరవై డెబ్బై నెలల్లో ఒకటి, కార్డు వెనక ఉండే మూడంకెల సీవీవీ వెయ్యిలో ఒకటి. చేత్తో అయితే అసాధ్యం. వేల సైట్ల మీద ఒకేసారి ప్రయత్నించే ప్రోగ్రామ్‌కు సాధ్యమే. ఎన్నడూ బయటికి తీయని, బీరువాలో కవరులోనే ఉన్న కార్డు మీద కూడా విదేశీ సైటులో ఒక డాలరు లావాదేవీ పడుతోందంటే కారణం ఇదే. ఆ ఒక్క డాలరు కార్డు బతికి ఉందా లేదా అని చూసే పరీక్ష. "ఒక్క డాలరే కదా" అని వదిలేస్తే రెండు మూడు రోజుల్లో పెద్దది వస్తుంది. చిన్న మొత్తం కనిపించిన నిమిషంలోనే కార్డు బ్లాక్ చేయాలి.

విదేశీ సైట్లని ఎందుకంటున్నానంటే, ఓటీపీ మన దేశపు నిబంధన. విదేశీ వ్యాపారి అడగకపోతే నంబరు, గడువు, సీవీవీలతోనే డబ్బు పోతుంది. కార్డులో అంతర్జాతీయ వాడకం తెరిచి ఉంటే ఇన్నేళ్లుగా మూసిన తలుపులన్నీ అక్కడ బార్లా తెరిచినట్టే.

ఇక మాటల మోసం. కథలు చాలా ఉంటాయి. రివార్డు పాయింట్లు ఈ రాత్రితో పోతాయి, వార్షిక రుసుము పడబోతోంది, కేవైసీ ఆగిపోయింది, లిమిట్ పెంచుతున్నాం. వీటన్నిటిలోకీ ప్రమాదకరమైనది ఒకటుంది. "మీ కార్డు మీద ఇప్పుడే ₹49,999 కొనుగోలు జరుగుతోందండి, మీరే చేశారా? లేదా? అయితే క్యాన్సిల్ చేస్తాం, క్యాన్సిలేషన్ కోడ్ వస్తుంది, చెప్పండి." మోసం గురించి బాగా చదివినవాళ్లు కూడా దీనికి దొరికిపోతారు. ఎందుకంటే ఇక్కడ వాడు మీ జాగ్రత్తనే ఆయుధంగా వాడుకుంటున్నాడు. నిజంగానే ఆ క్షణంలో ఓ సైటులో మీ కార్డుతో ₹49,999 కొనుగోలు మొదలై ఉంటుంది. మొదలుపెట్టింది వాడే. మీకొచ్చే ఓటీపీ దాన్ని ఆపదు, పూర్తి చేస్తుంది. కార్డు మీద కొనుగోలు ఆపడానికి బ్యాంకుకు మీ ఓటీపీ అవసరం లేదు. ఇంట్లో పెద్దవాళ్లకు ఒకే ఒక్క విషయం నేర్పించాలంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

ఓటీపీ మెసేజ్‌ను అంకెల కోసమే చూసే అలవాటు మనందరిదీ. ఆ మెసేజ్‌లో మామూలుగా మొత్తం ఎంతో, ఏ దుకాణమో కూడా ఉంటాయి. వాటిని ముందు చదవాలి, అంకెలు తర్వాత. కొన్ని ఓటీపీల్లో మొత్తమే ఉండదు. మీ కార్డును ఇంకో ఫోనులోని వాలెట్‌లో చేర్చడానికి వచ్చేవి అలాంటివి. డబ్బు మాట లేదు కదా అని జనం వాటిని తేలిగ్గా చెప్పేస్తారు. అన్నిటికన్నా ఖరీదైనవి అవే. కార్డు ఒకసారి వాడి ఫోనులో చేరితే, తర్వాత దుకాణంలో ఆ ఫోనును మెషీను మీద ఆనించి ఎన్నిసార్లయినా కొనుక్కోవచ్చు. మీకు మళ్లీ ఓటీపీ రాదు. కొత్త ఫోనులో యాప్ నమోదుకు, పాస్‌వర్డ్ మార్చడానికి, కార్డు లిమిట్ మీద లోన్ తీయడానికి వచ్చే కోడ్‌లు కూడా ఇదే కోవ.

మెసేజ్ పంపినవారి పేరు చివర ఇప్పుడు గీత పెట్టి ఒక అక్షరం ఉంటోంది. ఎస్ అంటే సేవ, టీ అంటే లావాదేవీ, పీ అంటే ప్రచారం, జీ అంటే ప్రభుత్వం. 2025లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన మార్పు ఇది. పది అంకెల మొబైల్ నంబరు నుంచి "బ్యాంకు" మెసేజ్ వస్తే చదవకుండానే తీసేయవచ్చు. బ్యాంకుల వెబ్‌సైట్లు కూడా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే ప్రత్యేక చిరునామాకు 2025 అక్టోబరు 31 లోపు మారాలని రిజర్వు బ్యాంకు గడువు పెట్టింది. బ్యాంకు పేరుతో సైటు తెరుచుకుంటే ముందు ఆ తోక చూడండి. కస్టమర్ కేర్ నంబరును మాత్రం గూగుల్‌లో వెతకొద్దు. మోసగాళ్లు అక్కడ తమ నంబర్లు ఎక్కించి ఉంచుతారు. కార్డు వెనకవైపు అచ్చయి ఉన్న నంబరును ఈరోజే ఫోనులో సేవ్ చేసుకోండి. కార్డు పోయిన రోజున వెనకవైపు చూడటానికి కార్డు ఉండదు.

మీరు ఓటీపీ చెప్పకపోయినా పోయే దారులు కొన్ని ఉన్నాయి. ఈ మధ్య తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువగా వినిపిస్తున్నది ఏపీకే ఫైలు, అంటే ఆండ్రాయిడ్ ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు. వాట్సాప్‌లో ట్రాఫిక్ చలానా అనో, పీఎం కిసాన్ అనో, పెళ్లి శుభలేఖ అనో పేరుతో వస్తుంది. ఒక్కోసారి తెలిసినవాళ్ల నంబరు నుంచే వస్తుంది, ఎందుకంటే వాళ్ల ఫోను అప్పటికే చేజారి ఉంటుంది. శుభలేఖ ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. ఇన్‌స్టాల్ చేయమని అడిగే శుభలేఖ లేదు. అది ఇన్‌స్టాల్ కావాలంటే "తెలియని చోటు నుంచి యాప్‌లు" అనే అనుమతి ఇవ్వాలి. తర్వాత ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి, నోటిఫికేషన్ల అనుమతి, యాక్సెసిబిలిటీ అనుమతి ఒక్కొక్కటీ అడుగుతుంది. ఆ మూడూ ఇచ్చాక ఫోను తెర మొత్తం వాడి చేతిలో ఉన్నట్టే. ఐకాన్ మాయమవుతుంది, ఓటీపీలు వాడికే వెళ్తాయి, మీ ఫోనులో కనిపించకుండా చెరిగిపోతాయి కూడా. చాలా వాటిలో ముందు ఒక ఫారం తెరుచుకుని కార్డు నంబరు, గడువు, సీవీవీ నింపమంటుంది. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటి తెర పంచుకునే యాప్‌లు మంచి పనికి తయారైనవే, వాటిని వేయించి చేసేదీ ఇలాంటి పనే.

ఇలాంటి ఫైలు తెరిచేశానని అనుమానం వస్తే మొదట చేయాల్సింది ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై కూడా ఆపడం. యాప్ తీసేద్దామని అందులోనే వెతుకుతూ కూర్చుంటే ఈలోపు ఓటీపీలు పోతూనే ఉంటాయి. వేరే ఫోను నుంచి బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించండి, పాస్‌వర్డ్‌లు కూడా ఆ రెండో ఫోను నుంచే మార్చండి. పాడైన ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేసేదాకా బ్యాంకు యాప్ తెరవొద్దు.

రెండోది కాల్ ఫార్వర్డింగ్. కొరియర్ వాడినంటూ ఒకడు నక్షత్రం, నాలుగు, సున్నా, ఒకటి, నక్షత్రం, ఆపైన ఓ మొబైల్ నంబరు కొట్టమంటాడు. కొడితే మీ కాల్స్ వాడికి మళ్లుతాయి, వాయిస్ కాల్‌గా వచ్చే ఓటీపీతో సహా. ##002# డయల్ చేస్తే అన్ని ఫార్వర్డింగులూ రద్దవుతాయి. దీనికి దగ్గరి చుట్టం కాల్ మెర్జ్. "మీ ఫ్రెండ్ ఇంకో నంబరు నుంచి చేస్తున్నాడు, కలపండి" అంటాడు. కలిపిన ఆ కాల్ బ్యాంకు నుంచి ఓటీపీ చదివే కాల్. మీరు నోరు తెరవకుండానే వాడు వినేస్తాడు. మూడోది సిమ్ స్వాప్. మీ పేరు మీద డూప్లికేట్ సిమ్ తీసుకుంటారు, లేదా మాయమాటలు చెప్పి మీ చేతే ఈసిమ్‌కు మార్పిస్తారు. ఊళ్లో అందరికీ సిగ్నల్ ఉండి మీ ఫోనుకు మాత్రమే గంటసేపు పోతే టవర్‌ను తిట్టుకుంటూ కూర్చోవద్దు, పక్కవాళ్ల ఫోను తీసుకుని కంపెనీకి చేయండి. కొన్ని ముఠాలు ఇదే సమయంలో మీ మెయిల్‌కు వందల కొద్దీ చెత్త మెయిళ్లు వచ్చేట్టు చేస్తాయి. బ్యాంకు పంపిన హెచ్చరిక ఆ కుప్పలో పడి కనిపించకుండా పోవాలని. ఉన్నట్టుండి మెయిళ్ల వాన కురిస్తే ముందు కార్డు స్టేట్‌మెంట్ తెరిచి చూడాలి.

పోయిన డబ్బు ఎక్కడికి వెళ్తుందో తెలిస్తే తొందర ఎందుకో అర్థమవుతుంది. క్రెడిట్ కార్డు డబ్బును వాడు నేరుగా జేబులో వేసుకోలేడు, ముందు ఏదో ఒకటి కొనాలి. గిఫ్ట్ వోచర్లు, వాలెట్ లోడ్, ఖరీదైన ఫోన్లు, బంగారు నాణేలు, ఎవరిదో కరెంటు బిల్లు. బిల్లు కట్టించుకున్నవాడు వాడికి నగదు ఇస్తాడు. వాలెట్ నుంచి డబ్బిచ్చి వాడుకునే వేరేవాళ్ల అద్దె ఖాతాలకు, అక్కడి నుంచి ఇంకో పది ఖాతాలకు, చివరికి ఏటీఎంలో నగదుగానో క్రిప్టోగానో బయటికి. ఈ మెట్లన్నీ దిగడానికి కొన్ని గంటలే పడుతుంది. మొదటి అరగంటలో డబ్బు ఇంకా మొదటి మెట్టు మీదే ఉంటుంది. వోచర్ వాడి ఉండరు, ఫోను గోడౌన్ దాటి ఉండదు. అందుకే బ్యాంకుతో పాటు ఆ కొనుగోలు జరిగిన సైటుకు కూడా ఫోను చేసి ఆర్డరు ఆపమనాలి. ఈ పని చాలామందికి తట్టదు.

మీటలు

ఇప్పుడు కట్టు వేసే పని. రిజర్వు బ్యాంకు 2020 జనవరి 15న ఇచ్చిన ఆదేశం ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం కొత్త కార్డు దేశంలోని ఏటీఎంలు, స్వైపింగ్ మెషీన్లలో మాత్రమే పనిచేస్తూ రావాలి. ఆన్‌లైన్, అంతర్జాతీయ, కాంటాక్ట్‌లెస్ (మెషీనుకు ఆనించి కట్టే) వాడకాలను మీరు అడిగితేనే తెరవాలి. ప్రతిదానికీ ఆన్ ఆఫ్ మీట, లిమిట్ పెట్టుకునే వీలు రోజంతా ఉండాలి. బ్యాంకు యాప్‌లో "మేనేజ్ కార్డ్" అనో "కార్డ్ కంట్రోల్స్" అనో ఉండే చోటు అదే. పది నిమిషాల పని.

అంతర్జాతీయ వాడకం పూర్తిగా ఆఫ్. విదేశీ సైటులో ఏదైనా కొనాలంటే ఆ ఐదు నిమిషాలు ఆన్ చేసి, కొన్నాక మళ్లీ ఆఫ్. నెలనెలా డాలర్లలో కట్టే చందా ఏదైనా ఉంటే దానికోసం తక్కువ లిమిట్ ఉన్న వేరే కార్డు పెట్టుకోండి. ఏటీఎంలో నగదు తీసే లిమిట్ సున్నా. క్రెడిట్ కార్డుతో నగదు తీస్తే రుసుముతో పాటు తీసిన రోజు నుంచే వడ్డీ పడుతుంది కాబట్టి దాన్ని మూసేస్తే మీకు పోయేదేమీ లేదు. కాంటాక్ట్‌లెస్ 2021 జనవరి నుంచి ₹5,000 దాకా పిన్ లేకుండా పనిచేస్తోంది. అవసరం లేకపోతే ఆఫ్, ఉంటే లిమిట్ ₹1,000 చాలు.

అసలు కీలకం ఆన్‌లైన్ లిమిట్. చాలాచోట్ల ఆన్‌లైన్ మీట వేయగానే కార్డు మొత్తం లిమిట్ తెరుచుకుంటుంది. ₹3 లక్షల కార్డు అయితే ఒక్క ఓటీపీతో ₹3 లక్షలూ పోవచ్చు. ఇంటి సామాన్లు, రీచార్జి, సినిమా టికెట్లకు ₹5,000 దాటడం అరుదు. లిమిట్ అక్కడే పెట్టి, ఫ్రిజ్ కొనే రోజున పెంచి, ఆ రాత్రే తగ్గించండి. విసుగు పుట్టించే పనే, ఒప్పుకుంటాను. ఆ విసుగే మోసగాడికీ అడ్డం వస్తుంది. లిమిట్ పెంచాలంటే మీరు ఫోను కాల్ పక్కన పెట్టి యాప్ తెరవాలి, లాగిన్ కావాలి, మొత్తం మార్చాలి. ఆ రెండు నిమిషాల్లో వాడు అల్లిన తొందర చల్లబడుతుంది. ఏపీకే పడిన ఫోనులో యాప్ పిన్ కూడా పోయి ఉంటే ఈ కట్టు కూడా తెగుతుంది, అది నిజమే. తక్కిన మాటల మోసాల్లో చాలావరకు నష్టం ఆ ₹5,000 దగ్గరే ఆగుతుంది.

హెచ్చరికలు ఎస్సెమ్మెస్‌కూ మెయిల్‌కూ రెండింటికీ వచ్చేట్టు చూసుకోండి. సిమ్ పోతే మెయిల్ మిగులుతుంది. నెలనెలా కట్ అయ్యే చందాల జాబితా కూడా అదే యాప్‌లో ఉంటుంది. ₹15,000 లోపు వాటికి ప్రతిసారీ ఓటీపీ రాదు, 24 గంటల ముందు ఒక మెసేజ్ మాత్రం రావాలి. గుర్తుపట్టని పేరు కనిపిస్తే ఆ అనుమతి అక్కడే రద్దు చేయండి.

మీ పేరు మీద మీకు తెలియకుండానే కార్డు తీసుకునే మోసం ఇంకో రకం. పాన్, ఆధార్ జిరాక్సులు మనం ఇచ్చినన్ని చోట్ల ఎవరూ ఇవ్వరేమో. కాపీ మీద అడ్డంగా ఎందుకు ఇస్తున్నామో, ఎవరికో, తేదీ ఏమిటో రాసి సంతకం చేయండి. ఆధార్‌కు మొదటి ఎనిమిది అంకెలు కనపడని మాస్క్‌డ్ కాపీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్, ఈ నాలుగు సంస్థలూ ఏడాదికోసారి పూర్తి క్రెడిట్ రిపోర్టు, అంటే మీ పేరు మీదున్న అప్పులు, కార్డుల చిట్టా, ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకొకటి చొప్పున వంతులేసుకుని తీస్తే ఏడాదంతా కాపలా ఉన్నట్టే.

మోసం జరిగిపోతే

వరుస ముఖ్యం. ముందు యాప్‌లో కార్డు బ్లాక్, అది రెండు నిమిషాల పని. తర్వాత బ్యాంకుకు ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. నంబరు ఇవ్వకుండా "నోట్ చేసుకున్నాం సార్" అంటే ఫోను పెట్టేయొద్దు. ఆ వెంటనే 1930. దేశమంతటా పనిచేసే సైబర్ మోసాల నంబరు ఇది. వాళ్లకు కార్డు చివరి నాలుగంకెలు, లావాదేవీ తేదీ, సమయం, మొత్తం, రిఫరెన్స్ నంబరు, దుకాణం పేరు చెప్పాలి. ముందే కాగితం మీద రాసి పెట్టుకుంటే కాల్ త్వరగా అయిపోతుంది. వాళ్లు ఇచ్చే నంబరుతో సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో పూర్తి ఫిర్యాదు నింపాలి. మోసగాడి మెసేజ్‌లు, కాల్ లాగ్, ఏపీకే ఫైలు పేరు, ఏదీ చెరపొద్దు. సిగ్గుతో చాట్ మొత్తం తీసేసేవాళ్లు ఎందరో. అదే సాక్ష్యం.

సిగ్గు మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. ఇంట్లో "అంత చదువుకుని ఎలా చెప్పావు" అనే మొదటి ప్రశ్నే దొంగకు గంటల కొద్దీ సమయం ఇస్తోంది. తిట్లకు భయపడి దాచిపెట్టేవాళ్లలో ఆడవాళ్లు, రిటైరైన పెద్దలు ఎక్కువగా కనిపిస్తారు. వాళ్లు మర్నాడు చెప్పేసరికి డబ్బు ఆఖరి మెట్టు దిగిపోయి ఉంటుంది.

ఇప్పుడు బ్యాంకుతో మీ హక్కు. 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాన్ని బ్యాంకు కౌంటర్‌లో ఎవరూ తమంతట తాము చెప్పరు. తప్పు బ్యాంకుదైతే మీరు ఎప్పుడు చెప్పినా మీ నష్టం సున్నా. తప్పు మీదీ కాక బ్యాంకుదీ కాక మధ్యలో ఎక్కడో అయితే, హెచ్చరిక అందినప్పటి నుంచి మూడు పనిదినాల్లోపు చెబితే సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే ₹5 లక్షల లోపు లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డుకు మీ భారం ₹10,000 మించకూడదు, అంతకు పైబడిన లిమిట్ కార్డుకు ₹25,000. ఏడు దాటితే బ్యాంకు తన విధానం ప్రకారం తేలుస్తుంది. హెచ్చరిక అందిన రోజును లెక్కలో వేయరు. మీరు చెప్పిన పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా వెనక్కి జమ చేయాలి, 90 రోజుల్లో తేల్చాలి. బాధ్యత మీదేనని నిరూపించే భారం బ్యాంకుదే.

ఓటీపీ మీరే చెప్పి ఉంటే? అక్కడ నిబంధన కఠినం. మీరు బ్యాంకుకు చెప్పేదాకా పోయినదంతా మీది, చెప్పిన తర్వాత పోయినది బ్యాంకుది. ఫిర్యాదు నంబరు, సమయం అంత ముఖ్యమని చెప్పింది ఇందుకే. కానీ "ఓటీపీతో జరిగింది కాబట్టి మీరే చేశారు" అని ఒక్క ముక్కలో తేల్చే జవాబును ఒప్పుకోవద్దు. ఏపీకే ఓటీపీ లాగేస్తే, సిమ్ స్వాప్‌తో వేరే ఫోనుకు వెళ్తే మీరు ఎవరికీ చెప్పినట్టు కాదు. ఆ ఓటీపీ ఏ నంబరుకు, ఎప్పుడు వెళ్లింది, లావాదేవీ ఏ ఐపీ చిరునామా నుంచి, ఏ పరికరం నుంచి జరిగిందో రాతపూర్వకంగా అడగండి.

బ్యాంకు ఎందుకు అంత మొండికేస్తుందో కూడా తెలుసుకోవాలి. ఓటీపీ లేకుండా జరిగిన మోసంలో కార్డు నెట్‌వర్కు నిబంధనల ప్రకారం చార్జ్‌బ్యాక్ వేసి వ్యాపారి నుంచి డబ్బు రాబట్టుకునే దారి ఉంది. ఓటీపీతో జరిగితే మోసం పేరుతో ఆ దారి మూసుకుంటుంది, నష్టం కార్డు ఇచ్చిన బ్యాంకు మీదికి మారుతుంది. బ్యాంకు దాన్ని మీ మీదికి తోస్తుంది. నా అభ్యంతరమంతా ఇక్కడే. రాత్రి రెండు గంటలకు, ఎన్నడూ ₹4,000 దాటి వాడని కార్డు మీద, అరగంటలో ఐదు గిఫ్ట్ వోచర్లు కొంటుంటే ఆపగలిగిన యంత్రాలు బ్యాంకు దగ్గర ఉన్నాయి. నష్టం ఖాతాదారు మీదికి పోతున్నంతకాలం వాటికి పదును పెట్టాలన్న తొందర బ్యాంకుకు ఉండదు.

అమెరికాలో దీనికి తిరగేసిన లెక్క నడుస్తోంది. అక్కడ ఓటీపీ అరుదు, కార్డు ఇట్టే వాడేయవచ్చు. కానీ మోసపు లావాదేవీలో క్రెడిట్ కార్డు వినియోగదారు భారం చట్టం ప్రకారం 50 డాలర్లు మించకూడదు. అందుకే అక్కడి బ్యాంకులు అనుమానపు లావాదేవీలను పసిగట్టడం మీద అంత ఖర్చు పెడతాయి. చదువుకో ఉద్యోగానికో అక్కడికి వెళ్లే మనవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఈ రక్షణ క్రెడిట్ కార్డుకు ఉన్నంత బలంగా డెబిట్ కార్డుకు లేదు. డెబిట్ అయితే రెండు పనిదినాల్లో చెబితే 50 డాలర్లు, దాటితే 500, స్టేట్‌మెంట్ పంపాక 60 రోజులు దాటాక పోయిన దానికి హద్దే లేదు. పెట్రోలు పంపుల దగ్గర కార్డు గీతను దొంగచాటుగా చదివే స్కిమ్మర్లు అక్కడ ఇంకా ఉన్నాయి కాబట్టి పంపులో డెబిట్ కార్డు గీకొద్దు. ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ మూడింటిలోనూ మీ పేరు మీద కొత్త అప్పు పుట్టకుండా ఆపే క్రెడిట్ ఫ్రీజ్ ఉచితం, దిగిన నెలలోనే పెట్టుకోవచ్చు.

తిరిగి మన దగ్గరికి. వివాదంలో ఉన్న మొత్తం తేలేదాకా దాని మీద చార్జీలు వేయకూడదని కార్డుల నిబంధనల్లో ఉంది. అయితే బిల్లులో మిగతా మొత్తాన్ని గడువులోపు కట్టేయండి. కోపంతో మొత్తం బిల్లు ఆపేస్తే మీ అసలు ఖర్చుల మీద వడ్డీ పడుతుంది, క్రెడిట్ స్కోరు కూడా దెబ్బతింటుంది. బ్యాంకుకు రాసే ఉత్తరంలో లావాదేవీ వివరాలు, మీకు తెలిసిన సమయం, ఫిర్యాదు నంబరు, 1930 ఇచ్చిన నంబరు, ఖాతాదారు భారం మీద రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన ప్రస్తావన, ఇంతే చాలు, ఒక పేజీ. బ్యాంకు కాదన్నా, 30 రోజులు జవాబు ఇవ్వకున్నా ఆలస్యం చేయకుండా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్ లో వేయవచ్చు. సందేహాలకు 14448 నంబరు ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. బ్యాంకు ఇచ్చిన జవాబు కాపీ, మీరు రాసిన ఉత్తరం కాపీ జత చేస్తే సరిపోతుంది.